కరెంటు కారా, పెట్రోలు కారా? ముందు మీ మీటరు బోర్డు చూడండి

రాజమండ్రిలో ఇళ్లకి వైరింగ్ పనులు చేస్తుంటాను నేను. ఇరవై మూడేళ్ల సర్వీసు. కొత్తిళ్ల వైరింగ్, ఏసీ పాయింట్లు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు, వీటితోనే రోజులు గడిచేవి. నాలుగేళ్ల నుంచి కార్ల ఛార్జింగ్ పాయింట్లు కూడా వస్తున్నాయి. చిక్కేంటంటే, జనం నాకు ఫోన్ చేసేది కారు కొన్నాక. నేను వెళ్లేసరికి వాకిట్లో కారు ఉంటుంది, పూలదండ ఇంకా వాడి ఉండదు, టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు కూడా ఎత్తి ఉండరు. ఇంటాయన ఛార్జింగ్ వైరు చేత్తో పట్టుకుని ఎక్కడ గుచ్చాలా అని గోడలు వెతుకుతుంటారు.

కొనకముందు ఒక్క అరగంట పిలిచి ఉంటే కొందరికి "మీకు పెట్రోలు కారే నయమండీ" అని చెప్పేవాణ్ణి. కొందరికి "ఇంకా ఏం ఆలోచిస్తున్నారండీ" అనేవాణ్ణి. ఆ అరగంటలో నేను ఏం చూస్తానో, ఏం అడుగుతానో ఇక్కడ రాస్తున్నాను. కార్ల అమ్మకంతో నాకే సంబంధమూ లేదు. నేను తిరిగేది 2012 మోడల్ పెట్రోలు వ్యానులో. దాని సంగతి చివర్లో చెబుతాను.

కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది?

షోరూంలో ఎవరూ అడగని ప్రశ్న ఇది. మొదట తేల్చుకోవాల్సింది ఇదే. మీ సొంత పోర్టికోలోనా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీకు రాసిచ్చిన జాగాలోనా, లేక వీధిలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడా?

వీధిలో అయితే ఇక్కడే ఆగిపోండి. పెట్రోలు కారు కొనుక్కోండి. దానవాయిపేటలో ఒకాయన మేడ మీద నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీసి, ఫుట్‌పాత్ మీదుగా కారుకి కరెంటు ఇచ్చేవాడు. వైరు పొడవు ఎక్కువైందని మిగిలింది చుట్ట చుట్టి గేటుకి తగిలించాడు. నేను ఆ చుట్ట పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. చుట్టలో ఉన్న వైరుకి గాలి ఆడదు, వేడి బయటికి పోదు, పైనున్న ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. అప్పటికే ఒకచోట జిగురులా అంటుకుపోయి ఉంది. ఇంకో వారం ఆగితే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ అయితే పని జరుగుతుంది కానీ ఓపిక కావాలి. మీటర్లన్నీ మామూలుగా సెల్లార్‌లోనే ఒక మూల ఉంటాయి కాబట్టి, మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా పైపులో వైరు లాగితే సరిపోతుంది. కరెంటు మీ మీటర్లోనే తిరుగుతుంది, మీ బిల్లులోనే వస్తుంది. అసోసియేషన్ వాళ్లు "కామన్ కరెంటు వాడేస్తారు" అని అడ్డుపడితే వాళ్లకి ఈ సంగతి చూపించండి. ఉన్న కనెక్షన్ నుంచే ఇంట్లోనో ఆఫీసులోనో బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో రాసే ఉంది. అయినా కాగితం పట్టుకుని గొడవకి వెళ్లేకంటే, ప్రెసిడెంటు గారిని సెల్లార్‌లోకి తీసుకెళ్లి వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపిస్తే పని తొందరగా అవుతుంది. నేను ఒప్పించిన మూడు అసోసియేషన్లూ అలా ఒప్పుకున్నవే. కొనకముందే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

సాకెట్, వైరు, ఎర్త్

"మా ఇంట్లో గీజరుకి పదిహేను యాంప్స్ పాయింటు ఉందండీ, దానికే పెట్టేస్తాం" అంటారు చాలామంది. గీజరు రెండు కిలోవాట్లు లాగుతుంది, పావుగంటలో ఆగిపోతుంది. ఏసీ కాసేపు ఆగుతూ కాసేపు నడుస్తూ ఉంటుంది. కారుతో వచ్చే చిన్న ఛార్జరు 3.3 కిలోవాట్లు, అంటే పద్నాలుగు యాంపుల పైన, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లారి ఆరు దాకా ఆగకుండా లాగుతుంది. అన్ని గంటలు వరసగా అంత లోడు లాగే వస్తువు మన ఇళ్లల్లో ఇప్పటిదాకా ఇంకోటి లేదు. సాకెట్‌లో ఒక్క స్క్రూ వదులుగా ఉన్నా చాలు, నెల తిరిగేసరికి ప్లగ్గు పిన్ను గోధుమ రంగుకి తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది. పనిలో నాకు ఎక్కువ కనబడేది ఈ కాలిన ప్లగ్గులే.

అందుకని కారుకి విడిగా లైను కావాలి. బోర్డు నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దూరం ఎక్కువైతే 6. దాని మీద వేరే ఏ పాయింటూ ఉండకూడదు. 20 యాంపుల ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చి), దానితో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకి లీకైతే వెంటనే పడిపోయే స్విచ్చి), అందులోనూ టైప్-ఏ రకం. షాపువాడు మామూలు ఏసీ రకం చేతిలో పెట్టి "అన్నీ ఒకటే" అంటాడు, ఒకటి కాదు. చివర్న నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టిస్తే ప్లగ్గు బిగువుగా కూర్చుంటుంది. కారుతో వచ్చిన ఛార్జరుకి మామూలు మూడు పిన్నుల ప్లగ్గే ఉంటే కనీసం మంచి కంపెనీ 16 యాంపుల సాకెట్ కొత్తది వేయించండి. పాతదాన్నే వాడొద్దు.

ఇక ఎర్త్, అంటే లీకైన కరెంటు మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయే దారి. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతావి చెడిపోతే వస్తువులు పోతాయి, ఇది చెడితే మనుషులు పోతారు.

పోయిన మే నెలలో మాకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "ఏమోయ్, నిన్నటిదాకా బాగానే ఎక్కేది ఛార్జింగు, ఇవాళ కారు ముట్టుకుంటే జివ్వుమంటోంది, ఒకసారి రా" అన్నారు. "కారు జోలికి వెళ్లకండి మాస్టారూ, మెయిన్ కట్టేయండి" అని వ్యాను తీశాను. సాకెట్ విప్పి చూద్దును కదా, లోపల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకి చిటికెనవేలంత వైరు ముక్క కలిపి ఉంది. నెల క్రితం ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ ఎక్కకపోతే ఎవరో కుర్రాడు వచ్చి రెండు నిమిషాల్లో బాగుచేసి వెళ్లాడట. అతను చేసిన బాగు ఇదే.

అసలు ఏం జరిగిందంటే, కారు ఛార్జరు ముందు ఎర్త్ ఉందా లేదా అని చూసుకుంటుంది. లేకపోతే ఎర్ర లైటు వెలిగించి ఛార్జ్ చేయనంటుంది. అది మొండితనం కాదు, జాగ్రత్త. ఆ కుర్రాడు న్యూట్రల్‌నే ఎర్త్‌గా చూపించి ఛార్జరుని మోసం చేశాడు. ఇలా కలిపినప్పుడు న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడిపోయేది కానీ అది పెట్టలేదు, పెడితే అతని కిటుకు పనిచేయదు కాబట్టి. మాస్టారి అదృష్టం, చెప్పులు వేసుకుని ఉన్నారు, నేల పొడిగా ఉంది.

ఆ ముక్క తీసేసి మీటరు పెట్టి చూశాను. ఫేజుకి (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కి మధ్య 231 వోల్టులు, సరిగ్గానే ఉంది. ఫేజుకి ఎర్త్‌కి మధ్య 150. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య 70 పైన. మంచి ఎర్త్ ఉన్న ఇంట్లో ఈ చివరిది రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్త్ గొయ్యి ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియలేదు. చివరికి పెరట్లో కొత్తగా వేసిన టైల్స్ కింద దొరికింది. ఇల్లు కట్టినప్పుడు వేసింది, ముప్పై ఏళ్లుగా చుక్క నీళ్లు పోయలేదు, పైపు చేత్తో విరిచేస్తే విరిగింది. కొత్త గొయ్యి తవ్వి, రాగి పూత రాడ్డు దింపి, చుట్టూ కాంపౌండ్ పోసి తడిపాం. సాయంత్రం మళ్లీ చూస్తే న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు వోల్టులు. ఛార్జరులో పచ్చ లైటు వచ్చింది.

కాబట్టి కారు బుక్ చేయకముందే మీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీ కళ్ల ముందు ఈ మూడు రీడింగులు తీయించండి. మీరు మాత్రం మీటరు పుల్లలు సాకెట్‌లో పెట్టకండి. ఎర్త్ గొయ్యి ఎక్కడుందో తెలుసుకుని ఎండాకాలంలో వారానికోసారి బకెట్టు నీళ్లు పోయండి.

బిల్లులో కాంట్రాక్ట్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, ఎంత ఉందో కూడా చూడండి. మన పాత ఇళ్లకి రెండు, మూడు కిలోవాట్లే ఉంటుంది. ఒక ఏసీ, ఒక మోటారు, ఈ కారు కలిస్తే ఐదు దాటుతుంది. దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోండి. ఇంకా పెద్ద, 7.2 కిలోవాట్ల గోడ ఛార్జరు పెట్టించాలా అంటే, రోజుకి నూటయాభై కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకి నా లెక్కలో అనవసరం. ఒక రాత్రిలో చిన్న ఛార్జరే అంతకు సరిపడా ఎక్కిస్తుంది.

మొత్తం ఖర్చు, నేను తీసుకునేది చెబుతాను: దూరాన్ని బట్టి ఆరు వేల నుంచి పదిహేను వేలు. ఎర్త్ గొయ్యి కొత్తదైతే ఇంకో ఐదు వేలు. పది లక్షలు పెట్టి కారు కొన్నవాళ్లు ఇక్కడ బేరమాడతారు.

కాగితం తీసుకుని లెక్క వేయండి

ముందు ఒక మాట అర్థం చేసుకుంటే షోరూం భాష సగం తెలిసిపోతుంది. బ్యాటరీ "30 కిలోవాట్ అవర్" అంటే మీ కరెంటు బిల్లులో ఉండే 30 యూనిట్లే. యూనిట్‌కి మామూలు సైజు కారు మన రోడ్ల మీద ఏడు కిలోమీటర్లు వెళ్తుంది. గోడ నుంచి బ్యాటరీకి ఎక్కేటప్పుడు కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటర్లో తిరిగే యూనిట్‌కి ఆరున్నర అనుకోండి.

కడియంలో నర్సరీ నడిపే ఒకాయనకి నేను వేసిన లెక్క ఇది. ఆయన నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారు. పాత పెట్రోలు కారు లీటరుకి 15 ఇచ్చేది. అంటే 67 లీటర్లు, లీటరు 110 చొప్పున నెలకి 7,300 రూపాయల పైచిలుకు. కరెంటు కారుకైతే దాదాపు 150 యూనిట్లు. ఇక్కడ జాగ్రత్త, యూనిట్ రేటు అందరికీ ఒకటి కాదు. మన ఆంధ్రాలో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. కారు వాడే యూనిట్లు ఎప్పుడూ మీ బిల్లు పైఅంచున పడతాయి. ఆయన ఇంట్లో మామూలుగా 200 యూనిట్లు కాలుతుంది. కారు 150 కలిస్తే అందులో 25 యూనిట్లకి ఆరు చొప్పున 150 రూపాయలు, మిగతా 125కి 8.75 చొప్పున 1,094. సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ అవీ కలుపుకుని పదిహేను వందలు వేసుకున్నాం. నెలకి 5,800 మిగులు. ఏడాదికి 70 వేలు. ఆయన చూసిన రెండు కార్ల మధ్య ధర తేడా మూడు లక్షలు. నాలుగేళ్ల మూడు నెలల్లో తేడా పూడిపోతుంది. చాలా కార్లకి బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఆయన కొన్నారు.

అదే నెలకి 400 కిలోమీటర్లే తిరిగేవాళ్లయితే? పెట్రోలుకి 2,900, కరెంటుకి ఆరువందలు. ఏడాదికి 28 వేలు మిగులుతుంది. మూడు లక్షలు పూడటానికి పది పదకొండేళ్లు. డబ్బు కోసమే అయితే వద్దనే చెబుతాను.

పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కరెంటు కార్ల మీద ముందునుంచీ ఉన్న 5 శాతమే ఉంది. అంటే పెట్రోలు కారు చవకై ధరల తేడా పెరిగింది. అంతకు ముందు ఎవరో వేసిన లెక్కలు చూసి కొనకండి. తెలంగాణలో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి, అక్కడ కరెంటు కార్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉంది. హైదరాబాద్‌లో ఈ ఒక్కదానితోనే తేడా బాగా తగ్గిపోతుంది.

ఇంట్లో పాయింటు లేకుండా బయట ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతకాలనుకుంటే యూనిట్‌కి పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా పడుతుంది. అప్పుడు వెయ్యి కిలోమీటర్లకి నెలకి 2,700 నుంచి 3,600 దాకా. మిగులు ఉంటుంది కానీ వారానికి ఒక గంట మీది కాదు.

మాస్టారి సంగతికొస్తే, ఆయన తిరిగేది నెలకి మూడొందల కిలోమీటర్లు కూడా ఉండదు. నేను ఈ లెక్కంతా చెబితే నవ్వి, "నాకు మోకాళ్లు నొప్పులోయ్. క్లచ్ తొక్కలేకపోతున్నా. ఇందులో క్లచ్ లేదు, గేర్లు లేవు, అందుకు కొన్నా" అన్నారు. దానికి నా కాగితం దగ్గర జవాబు లేదు.

దూరం మాట

కంపెనీ కాగితం మీద 325 కిలోమీటర్లు అని ఉంటే మూడింట రెండు వంతులు తీసుకోండి. 215. అందులో అయిదో వంతు ఎప్పుడూ మిగిల్చి ఉంచుకోవాలి కాబట్టి మీ చేతిలో ఉన్నది 170. హైవే మీద వంద దాటించి తోలితే ఇంకా తగ్గుతుంది. రాజమండ్రి నుంచి వైజాగ్ 190 కిలోమీటర్లు. అంటే దారిలో ఒకసారి ఆగాల్సిందే. అన్నవరం దగ్గర ఆగి దర్శనం చేసుకుని ప్రసాదం తిని వస్తే సరిపోతుంది అనుకునేవాళ్లకి ఇబ్బంది లేదు. తెల్లవారుజామున కోర్టు వాయిదాకి పరిగెత్తేవాళ్లకి ఇబ్బందే.

బయట ఛార్జ్ చేయాలంటే ఒక్క యాప్ సరిపోదు, రెండు మూడు పెట్టుకుని అన్నింటిలో కొంచెం కొంచెం డబ్బు వేసి ఉంచాలి. బయల్దేరే ముందు ఆ ఛార్జరు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. 80 శాతం దాటాక ఎక్కడం నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో తీసేసి కదలడం మంచిది. వెనకాల నిలబడ్డవాళ్లు కూడా సంతోషిస్తారు.

మా అమ్మాయీ అల్లుడూ వైజాగ్‌లో ఉంటారు, వాళ్లది 30 యూనిట్ల బ్యాటరీ కారు. పోయిన డిసెంబరులో అందరం అరకు వెళ్లాం. బయల్దేరినప్పుడు 98 శాతం. ఘాట్ ఎక్కుతుంటే అంకె కళ్ల ముందే దిగిపోతోంది, మా ఆవిడకి టెన్షన్. అరకు చేరేసరికి 27. వెళ్లింది 115 కిలోమీటర్లే. రాత్రి లాడ్జి వాళ్లని అడిగి పదిహేను యాంపుల సాకెట్‌కి పెట్టాం (ఎర్త్ చూసే పెట్టాను, ఎక్కడికెళ్లినా బుద్ధి పోదు). మర్నాడు దిగేటప్పుడు మా అల్లుడు బ్రేకు మీద కాలే పెట్టలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు మోటారు డైనమోలా తిరిగి కారుని ఆపుతూ బ్యాటరీకి కరెంటు పంపుతోంది. ఘాట్ కింద అంకె, ఘాట్ పైన అంకె కంటే ఎక్కువ ఉంది. "నాన్నా, కొండ దిగితే పెట్రోలు పెరిగినట్టుంది కదా" అంది మా అమ్మాయి. వైజాగ్ చేరేసరికి ఇంకా 54 మిగిలింది. ఎక్కేటప్పుడు 71 తిన్నది, దిగేటప్పుడు 46తో సరిపెట్టుకుంది.

పెట్రోలు బండి ఆ కొండ దిగేటప్పుడు బ్రేకుల్ని కాల్చుకోవడం తప్ప తిరిగి సంపాదించుకునేది ఏమీ లేదు. అసలు లీటరు పెట్రోల్లో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. తొమ్మిది యూనిట్లతో కరెంటు కారు అరవై కిలోమీటర్లు వెళ్తే, పెట్రోలు కారు పదిహేను వెళ్తోంది. మిగతాది ఎక్కడికి పోయిందో తెలియాలంటే కారు ఆపగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి.

ఇంకో రెండు మూడు చిన్న సంగతులు. కరెంటు కారులో ఇంజన్ ఆయిల్ ఉండదు కానీ పాతకాలం 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా రిమోట్‌తో తలుపు కూడా తెరుచుకోదు. బరువు ఎక్కువ కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు రెండు రకాల కార్లూ మునిగాయి. నీళ్లు తీశాక ఏ కారునీ స్టార్ట్ చేయకూడదు, పెట్రోలుదైతే ఇంజన్ పట్టేస్తుంది, కరెంటుదైతే బ్యాటరీ చూపించేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ఇన్సూరెన్స్‌లో బ్యాటరీకి కవర్ ఉందో లేదో సంతకం పెట్టకముందే చదువుకోండి.

ఇంత కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

పాయింటు బిగిస్తుంటే పక్కింటివాళ్లు వచ్చి నిలబడి అడిగే ప్రశ్న ఇదే. "పొగ లేదంటారు, మరి కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది?" నిజమే. కరెంటు కారు కూడా పొగ వదులుతుంది, కాకపోతే మీ వీధిలో కాకుండా బొగ్గు ప్లాంట్లున్న ఇబ్రహీంపట్నంలోనో పరవాడలోనో వదులుతుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే లీటరుకి 15 ఇచ్చే కారుకి కిలోమీటరుకి 153 గ్రాములు. మన దేశంలో 2023-24 లెక్కల ప్రకారం యూనిట్ కరెంటుకి సగటున 0.73 కిలో, అంటే కరెంటు కారుకి కిలోమీటరుకి 112 గ్రాములు. తేడా ఉంది కానీ ఆకాశమంత కాదు. అయితే పెట్రోలు కారు పదేళ్ల తర్వాత కూడా అదే 153 వదులుతుంది. కరెంటుది, గ్రిడ్‌లోకి సోలార్, గాలి కరెంటు కలిసేకొద్దీ కారు మార్చకుండానే తగ్గుతుంది.

ఇంధనాల సంగతి మా గోదావరి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకున్నప్పుడు నేను బళ్లో చదువుతున్నాను. అమ్మమ్మగారి ఊరు వెళితే రాత్రిపూట ఆకాశం ఒక వైపంతా ఎర్రగా ఉండేది. 65 రోజులు మండింది. మా కాళ్ల కిందే గ్యాసు, నూనె ఉన్నాయి, అయినా దేశం వాడే ముడి చమురులో 85 శాతం పైన బయటి నుంచే కొనాలి. వేమగిరిలో గ్యాసుతో కరెంటు తీసే ప్లాంట్లు కట్టారు, సముద్రంలో గ్యాసు అనుకున్నంత రాక ఏళ్ల తరబడి ఊరికే నిలబడ్డాయి. మేము హైవే మీద వాటి పక్కనుంచే వెళ్తుంటాం.

ఇప్పుడు పగలు సోలార్ కరెంటు బాగానే వస్తోంది. కష్టమంతా సాయంత్రం ఆరు నుంచి పది దాకా. సూర్యుడు దిగిపోతాడు, ఇళ్లల్లో ఏసీలు, టీవీలు, మిక్సీలు ఒక్కసారే మొదలవుతాయి. పగటి కరెంటుని రాత్రికి దాచడానికి ఒక దారి, నీళ్లని కొండ మీదికి ఎక్కించి మళ్లీ దింపడం. నాగార్జునసాగర్‌లో ఏడు టర్బైన్లు అలా నీళ్లు ఎక్కించడానికి వెనక్కి కూడా తిరిగేవే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇలాంటి ప్లాంటే 1,680 మెగావాట్లది కట్టారు. మన కార్ల బ్యాటరీలు కూడా ఒకరకంగా అలాంటి చిన్న చెరువులే, ఎప్పుడు నింపుకుంటామన్నదే ముఖ్యం.

కాబట్టి ఆఫీసు నుంచి రాగానే ప్లగ్గు పెట్టడం మానేయండి. కార్లోనో యాప్‌లోనో టైమరు ఉంటుంది, రాత్రి పదకొండుకి పెట్టుకోండి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఒకే వీధిలో నాలుగు కార్లు ఏడింటికి ప్లగ్గు పెడితే నాలుగిళ్ల ఏసీలు ఎలా గింజుకుంటాయో నేను చూశాను. పగటిపూట తక్కువ రేటు, సాయంత్రం ఎక్కువ రేటు ఉండాలని కేంద్రం 2023లోనే నిబంధన తెచ్చింది, స్మార్ట్ మీటర్లు వచ్చిన ఇళ్లకి అది వర్తిస్తుంది. ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటే పోయేదేం లేదు. మేడ మీద జాగా ఉంటే మూడు కిలోవాట్ల సోలార్ రోజుకి పన్నెండు యూనిట్ల దాకా ఇస్తుంది. కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకంలో దానికి 78 వేల సబ్సిడీ ఉంది. పగలు కారు ఇంట్లోనే ఉండేవాళ్లకి, అంటే మాస్టారి లాంటివాళ్లకి, ఇది అతికినట్టు సరిపోతుంది. ఆయన మేడ మీద కొలతలు తీసుకుని వచ్చాను, దసరాలోపు బిగించాలి.

ఇక నా వ్యాను. రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు తిరుగుతాను, ఎప్పుడైనా మారేడుమిల్లి వైపు రిసార్టు పనులకి వెళ్తాను, అక్కడ ఛార్జరు మాట దేవుడెరుగు, కరెంటే ఉండదు కొన్నిసార్లు. పైన నిచ్చెన, లోపల వైరు బండిల్స్, డ్రిల్లింగ్ మిషన్లు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ కొంచెం దిగింది, పాత బండి కాబట్టి రబ్బరు పైపులు ఒకసారి మార్పించాను. ఇంత సామాను పట్టే కరెంటు వ్యాను నాకు గిట్టుబాటు ధరలో దొరికేదాకా దీన్నే తోలతాను. కానీ పోయినేడాది మా ఇంటికి రంగులు వేయించినప్పుడు గోడలో పైపు దింపి, 6 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, చివర టేపు చుట్టి వదిలేశాను. మా ఆవిడ ప్రస్తుతానికి ఆ పైపుకి గొడుగు తగిలిస్తోంది.